లక్డారం గులాబీ కొంగ

ఆ రోజుల్లో పిట్టలు ఇప్పటికంటే ఎక్కువ ఉండేవని నేను అనను. అలా అనేవాళ్లు తమ వయసును కూడా పిట్టల లెక్కలో కలిపి చెబుతుంటారు. నేను చెప్పబోయేది మరీ పాత సంగతి కాదు, పదేళ్లు కూడా నిండలేదు. అప్పటికే ప్రతి చేతిలోకీ ఫోన్ వచ్చింది, ప్రతి ఫోన్‌లోకీ కెమెరా వచ్చింది, చూడడమనే పని మాత్రం మనుషుల దగ్గర్నుంచి మెల్లగా తప్పుకుంటోంది. పిట్ట కనబడితే దాన్ని చూద్దామన్న ఆలోచన కంటే ముందు ఫోటో తీద్దామన్న ఆలోచన వచ్చేది. జేబులోంచి ఫోన్ తీసి, దాని అద్దం చొక్కాకు తుడిచి, పైకెత్తేసరికి పిట్ట తన పని మీద తాను వెళ్లిపోయేది. అలా ఆ ఏడాదిలో నేను తీసినన్ని ఖాళీ కొమ్మల ఫోటోలు ఈ జిల్లాలో ఇంకెవరూ తీసి ఉండరు. (కొమ్మలు బాగా వచ్చేవి. కదలవు కదా.)

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివానన్న ఒకే ఒక్క నేరానికి పటాన్‌చెరు వైపు ఒక మాత్రల కంపెనీలో ట్రైనీగా పడ్డాను. మాత్రలకు రంగు పూత వేసే విభాగం. పెద్ద గుండ్రటి పాత్రలో తెల్ల మాత్రలు దొర్లుతుంటే వాటి మీద రంగు చల్లడం, అన్నింటికీ సమంగా అంటిందో లేదో చూడడం, అంటలేదని చెప్పి తిట్లు తినడం నా ఉద్యోగం. ఉండేది లక్డారంలో అక్క వాళ్లింట్లో. మా బావ పొద్దున రైతు, మధ్యాహ్నం నుంచి ఇంకో కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. రెండింటికీ ఒకటే ఖాకీ చొక్కా. ఆయన పోషణలో రెండు బర్రెలు, ఒక బామ్మర్ది ఉండేవాళ్లం. ముగ్గురినీ సమానంగానే చూసుకునేవాడు. పాలిచ్చేవి కనుక బర్రెలకు ఒక పూట మేత ఎక్కువ, అంతే.

ఒకరోజు కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే కరెంటు తీగ మీద పాలపిట్ట వాలింది. ఫోన్ ఎత్తాను. అంతలో ఒక పెద్ద కారు ఆగి, అందులోంచి ఆకుల బొమ్మల టోపీ, ఆకుల బొమ్మల చొక్కా వేసుకున్న ఒకాయన దిగి, మోచేతంత పొడుగు లెన్సు నా భుజం మీద ఆనించి, "కదలకు" అన్నాడు. నేను కదల్లేదు. ఆయన టకటకా నలభై ఫోటోలు తీసుకుని, అప్పుడు స్తంభం కాదు మనిషేనని గమనించినట్టు నా వైపు చూసి, "నీకూ బర్డ్స్ ఇంట్రెస్టా" అని అడిగాడు. అవునన్నాను. అక్కడికక్కడే నన్ను వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. ఆయనే అడ్మిన్ సారు. తెల్లాపూర్‌లో పంతొమ్మిదో అంతస్తులో కాపురం. అంత ఎత్తు నుంచి చూస్తారు కాబట్టి పిట్టలన్నీ ఆయనకు కిందే కనబడేవి. మనుషులు కూడా.

గ్రూపు పేరు 'మన పిట్టలు'. పిట్టలు ఎవరివో అందులోనే తేల్చేశారు. శుభోదయాలు, దేవుళ్లు, రాజకీయాలు నిషేధం. ఫోటోతో పాటు చోటు, వేళ, పిట్ట పేరు రాయాలి. పేరు తెలియకపోతే అడగాలి. అడిగినవాణ్ణి వెక్కిరించాలని నియమాల్లో లేదు గానీ అమల్లో ఉండేది. చలికాలం వస్తే చాలు, తల మీద నల్ల పట్టెలున్న బాతులు హిమాలయాలు దాటి మన చెరువులకు వచ్చేవి. వాటి వెనకే మా సభ్యులు ఔటర్ రింగు రోడ్డు దాటి వచ్చేవాళ్లు. ఎవరి ప్రయాణం కష్టమైందో గ్రూపు చదివితే తెలిసేది. బాతులు ఒక్క ముక్క కూడా ఫిర్యాదు చేయలేదు. ఒకే బాతును పదకొండు మంది పదకొండు వైపుల నుంచి తీసి పెడితే పదకొండింటికీ చప్పట్లు. ఎండాకాలం పిట్టలు తగ్గి తగాదాలు పెరిగేవి. బాల్కనీలో నీళ్ల గిన్నె పెట్టినవాళ్లు ఆ గిన్నె ఫోటో రోజూ పెట్టేవాళ్లు. వానలు పడితే గిజిగాడి గూళ్లు, దసరాకు పాలపిట్ట. పండుగనాడు మధ్యాహ్నంలోగా గ్రూపులో అందరికీ పాలపిట్ట కనబడి తీరేది. కొన్ని పాలపిట్టలు మాత్రం పోయినేడాది కనబడిన కొమ్మ మీదే, పోయినేడాది కూర్చున్నట్టే, పోయినేడాది వెలుతురులోనే కూర్చునేవి.

ఆ సభలో నా స్థానం ఏమిటంటే, నా పేరు 'చుక్క'. నా ఫోన్‌కు దూరం తెలియదు. నేను పెట్టిన గద్ద ఒక చుక్క, లకుముకి పిట్ట ఒక చుక్క, నెమలి కొంచెం పెద్ద చుక్క. అడ్మిన్ సారు ఓపిగ్గా, "చుక్కా, దీన్ని మేం పిట్ట అనుకోవాలా, నీ కెమెరా మీద దుమ్ము అనుకోవాలా?" అని రాసేవాడు. ఇరవై మంది పగలబడి నవ్వే బొమ్మలు పెట్టేవాళ్లు. నేనూ ఒకటి పెట్టేవాణ్ణి, నాకేం బాధలేదని తెలియడానికి.

నాకంటే తక్కువ గౌరవం అందులో ఒక్కరికే ఉండేది. జోగిపేట వైపు ఒక బడిలో సైన్స్ చెప్పే టీచరమ్మ. యాభై దాటిన మనిషి. ఆమె ఒక్క ఫోటో పెట్టేది కాదు. వారానికి రెండు మూడు సార్లు ఒక వాక్యం రాసేది: "బడి వెనక గోరింకలు నాలుగు. ఒకదానికి ఎడమ కాలు కుంటి, నిన్నటికన్నా నయం." ఫోటో లేని పిట్ట ఉన్నట్టా లేనట్టా అన్నది గ్రూపు తేల్చుకోలేకపోయింది. అందుకని ఎవరూ జవాబివ్వకుండా దాటేసేవాళ్లు.

ఇంతలో అడ్మిన్ సారుకు ఒక ఆలోచన వచ్చింది. వచ్చే ఏడాదికి గ్రూపు తరఫున క్యాలెండరు. పన్నెండు నెలలు, పన్నెండు ఫోటోలు, ఒక్కో ఫోటో కింద తీసినవాళ్ల పేరు. ఆగస్టు చివరికి చూసుకుంటే ఒక్క సెప్టెంబరు తప్ప అన్ని నెలలూ నిండిపోయాయి. (అందులో అయిదు నెలలు అడ్మిన్ సారువే. ఎంపిక సంఘంలో ఆయన ఒక్కరే ఉన్నారు కాబట్టి ఏకగ్రీవం.) సెప్టెంబరు నాదే కావాలని నాలో ఏదో పుట్టింది. అది పిట్టల మీద ప్రేమ అని అప్పుడు అనుకున్నాను. నా పేరు అచ్చులో చూసుకోవాలన్న దాహమని ఇప్పుడు తెలుసు. అక్కడితో ఆగినా బాగుండేది. అక్కతో అన్నాను. అక్క నీళ్ల ట్యాంకు దగ్గర అంది. సాయంత్రానికి పక్కింటి అత్త గుమ్మంలోకి వచ్చి, "నీ ఫోటో క్యాలెండర్ల ఏస్తున్నరంట గద బిడ్డా. ఏ దేవుని పక్కన?" అని అడిగింది.

ఇక నా ఘనకార్యం దగ్గరికి వస్తాను. ఆ వారం పిల్లల మాత్రలకు గులాబీ రంగు పూత నడుస్తోంది. కలిపిన రంగు ఒక ఛాయ ఎక్కువైందని షిఫ్ట్ సారు పక్కన పెట్టించారు. మిగిలిన రంగునంతా డబ్బాల్లో పోసి, ఆవరణ అటు చివర ఉన్న మురుగునీటి శుద్ధి ప్లాంటుకు తీసుకెళ్లి, అక్కడ రిజిస్టరులో రాసి, సంతకం చేయించుకుని రావాలి. వాన పడుతోంది. షిఫ్టు అయిపోయింది. బస్సు హారను కొడుతోంది. మా విభాగం వెనకాల ఏదో కట్టడానికి తవ్వి, మరచిపోయి వదిలేసిన గుంత ఒకటి వాన నీళ్లతో నిండి ఉంది. రెండు డబ్బాల రంగును ఆ గుంతలో కుమ్మరించి, బస్సెక్కాను. సీటు కూడా దొరికింది. తెలివైనవాణ్ణని నా మీద నాకే గౌరవం కలిగింది.

మూడో రోజు పొద్దున, కంపెనీ ప్రహరీ అవతల బీడులో మా బావ బర్రెలు మేస్తున్నాయి. వాటి చుట్టూ ఎప్పటిలాగే తెల్ల కొంగలు, పశువుల వెంట పురుగులు ఏరుకుంటూ తిరిగేవి. ఆ తెల్లటి గుంపు నడుమ ఒకటి గులాబీ రంగులో ఉంది. లేత గులాబీ కాదు, పెళ్లి శుభలేఖ గులాబీ. పెద్ద బర్రె వీపు మీద నిలబడి, మెడ సాచి, ఎండలో రెక్క విప్పింది. నేను ఫోన్ ఎత్తాను. నా జీవితంలో మొదటిసారి పిట్ట ఎగరలేదు. నొక్కాను. చూసుకుంటే, చుక్క కాదు, పిట్ట. కన్ను కనబడుతోంది. ఈక ఈకా కనబడుతోంది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. గులాబీ రంగు గుంతలో పోసినవాడివి, గులాబీ కొంగను చూసి రెండూ రెండూ కలపలేదా అని. కలపలేదు. కీర్తి వచ్చేటప్పుడు కూడికలు రావు.

గ్రూపులో పెట్టాను. ఆ తర్వాత వరద. ఫ్లెమింగో పిల్ల అన్నారొకరు. ఆఫ్రికా నుంచి తుఫానుకు కొట్టుకొచ్చిందన్నారు ఇంకొకరు. అడ్మిన్ సారు చాలాసేపు 'టైపింగ్' అని చూపించి, చివరికి జన్యువుల గురించి, వర్ణభేదాల గురించి ఒక పెద్ద పేరా దించాడు. అందులో నాకు అర్థమైంది చివరి వాక్యం ఒక్కటే: "గయ్స్, ఇది హిస్టరీ. సండే మార్నింగ్ అందరం లక్డారం వెళ్తున్నాం. తమ్ముడు గైడ్ చేస్తాడు." నేను చుక్క నుంచి తమ్ముడినయ్యాను. ఆ మాటను ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను.

టీచరమ్మ ఒక్కతే రాసింది: "ఇది పశువుల కొంగనే. ముక్కు, కాళ్లు సూడండి. గుడ్లు పెట్టే కాలంల దాని తల మీద పసుపు రంగొస్తది, గులాబి రాదు. ఏమన్న అంటుకున్నదేమో." దానికి అడ్మిన్ సారు, "మేడం, ఫీల్డులో ఉన్నవాళ్లను మాట్లాడనిద్దాం" అని జవాబిచ్చాడు. ఇరవై మంది బొటనవేళ్లు ఎత్తారు. ఇరవై ఒకటో వేలు నాది.

శుక్రవారం టీ విరామంలో ఊరికే మా విభాగం వెనక్కి వెళ్లాను. గుంత గట్టున ఒక కొంగ నిలబడి ఉంది. నేను చూస్తుండగానే గుంతలోకి దిగింది, మునిగింది, రెక్కలు టపటపలాడించుకుంది, ఒళ్లంతా తడుపుకుని గట్టెక్కింది. దిగినప్పుడు తెల్లగా ఉంది. ఎక్కినప్పుడు చరిత్ర సృష్టించింది. చుట్టూ సిమెంటు మీద మూడు వేళ్ల గులాబీ అడుగులు, ఒక్క కొంగవి కావు, ఎవరో ముగ్గు వేసినట్టు. నా చేతిలో టీ కప్పు చల్లారిపోయింది. ట్రైనీ గడువు ఇంకో నెలలో అయిపోతుంది, ఉద్యోగం ఖాయమయ్యే కాగితం రావాలి. రంగు గుంతలో పోశానని తెలిస్తే ఆ కాగితం రాదు. చెప్పకపోతే ఆదివారం నాలుగు కార్లు వస్తాయి. పాత ప్లాస్టిక్ పట్టా ఒకటి వెతికి గుంత మీద కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టి, కొంగల రంగు కడుక్కుపోయేలా వాన కోసం మొక్కుకున్నాను. నెల రోజులుగా వచ్చి పోతూ ఉన్న వాన ఆ రోజే ఆగిపోయింది.

ఇంటికి వెళ్లేసరికి అక్క కొట్టం దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. పెద్ద బర్రె వీపంతా గులాబీ మరకలు. "బర్రెతోని హోలీ ఎవడాడిండు?" అని అడిగింది. ఇక దాచలేక బావను పక్కకు పిలిచి మొత్తం చెప్పాను. బావ బీడీ ఆర్పి, కొట్టం గోడకు ఆనుకుని, ఆసాంతం విన్నాడు.

"అంటే గా కొంగ రంగు నీ మాత్రల రంగా?"

"అవును బావా."

"కార్లేసుకొని వచ్చేటోళ్లకు గీ సంగతి ఎరుకలేదు."

"లేదు. బావా, జెర నాకోసం ఒక పని చెయ్యి. ఆదివారం పొద్దుగాల బర్రెలను కంపెనీ దిక్కు కాకుంట, ఊరవతల గుట్ట దిక్కు తోలుకపో. కొంగలు బర్రెల ఎంబడే పోతయి. వచ్చినోళ్లు సూసి సూసి ఏం లేదని ఎనకకు పోతరు. నా ఇజ్జత్ నీ చేతుల ఉన్నది."

"గంతేగా. నువ్వు పరేషాన్ కాకు, బామ్మర్ది" అన్నాడు బావ. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం ఏడింటికల్లా నాలుగు కార్లు బీడు పక్కన ఆగాయి. పద్నాలుగు మంది దిగారు. అందరూ ఆకుల బొమ్మల బట్టల్లోనే ఉన్నారు. పిట్టలకు కనబడకూడదని అలా వేసుకుంటారట. చుట్టూ ఒక్క చెట్టు లేని బీడులో, కంపెనీ తెల్ల గోడ ముందు, పద్నాలుగు పొదలు వరసగా నిలబడ్డాయి. బీడు ఖాళీగా ఉంది. బర్రె లేదు, కొంగ లేదు. బావ మాట నిలబెట్టుకున్నాడు. మొహానికి విచారం పులుముకుని, "నిన్నటిదాకా ఇక్కడే ఉండె సార్" అన్నాను. ఎనిమిదైంది. ఎనిమిదిన్నర అయింది. ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఇంకో పావుగంటలో వెళ్లిపోతారనగా, గట్టు మీంచి మా బావ వచ్చాడు. ఉతికిన ఖాకీ చొక్కా, తలకు కొత్త తువ్వాలు. ముందు రెండు బర్రెలు. వాటి మీద, వాటి చుట్టూ, వాటి వెనక కొంగలు. గులాబీవి ఏడు.

నేను పరుగెత్తుకెళ్లి, "ఏంది బావా ఇది, గుట్ట దిక్కు పొమ్మంటి గద" అన్నాను గొంతు తగ్గించి.

"పోయిన బామ్మర్ది. సగం దూరం పోయిన. మనసొప్పలే" అన్నాడు బావ. "నీ ఇజ్జత్ అన్నవ్, నిజమే. గింతమంది పెద్దోళ్లు గంత దూరం నుంచి కార్లేసుకొని మన ఊరికొస్తే, పిట్టను సూపెట్టకుంట పంపిస్తే ఊరి ఇజ్జత్ పోదా?"

బర్రె తాడు పట్టుకుని వెనక్కి తిప్పబోయాను, అది కదల్లేదు.

ఏడు గులాబీ కొంగలను చూసి అడ్మిన్ సారు మోకాళ్ల మీద బురదలో కూర్చుండిపోయాడు. "ఒకటి కాదు గయ్స్, కాలనీ. ఇది కాలనీ" అన్నాడు. లెన్సులన్నీ ఒక్కసారి లేచాయి. ఆకుల బట్టలు చూసి బర్రెలు బెదిరితే బావ వాటిని బుజ్జగించి వెలుతురు ఉన్న వైపు తిప్పి నిలబెట్టాడు. "సార్, గిట్ల తిప్పాల్నా, గట్ల తిప్పాల్నా?" అని అడుగుతూ ఫోటోగ్రాఫరు దగ్గర పెళ్లిపెద్దలా తిరిగాడు. అడ్మిన్ సారు ఎవరో విలేకరికి ఫోన్ చేసి రేపటి పేపర్లో చోటు ఉంచమన్నాడు. పేపర్లో వస్తే మా కంపెనీ గోడ కూడా వస్తుంది.

పది దాటాక టీచరమ్మ వచ్చింది. పొద్దున చర్చిలో తొలి ఆరాధన కాగానే సంగారెడ్డిలో బస్సెక్కి, రోడ్డు మీద దిగి, షేర్ ఆటో పట్టుకుని వచ్చిందట. చేతిలో గొడుగు, సంచిలో బైబిలు, ఒక నోటు పుస్తకం, చిన్న దూరదర్శిని. ఎవరినీ పలకరించకుండా అయిదు నిమిషాలు కొంగలను చూసింది. తర్వాత బర్రె వీపును చూసింది. తర్వాత కంపెనీ గోడను చూసింది. చివరికి నన్ను చూసింది. నేను నా చెప్పులను చూసుకున్నాను.

అప్పుడు, మూడు రోజులుగా నేను మొక్కుకున్న వాన, ఎవరి మొక్కుకో తెలియదు, చినుకులుగా మొదలైంది. కెమెరాలకు కవర్లు తొడుగుతూనే అందరూ ఫోటోలు తీస్తున్నారు. పెద్ద బర్రె నల్లటి పక్కటెముకల మీదుగా ఒక గులాబీ ధార మెల్లగా కిందికి దిగింది. దాని పక్కన ఇంకొకటి. కొంగ రెక్క మొనల నుంచి గులాబీ చుక్కలు రాలుతున్నాయి. లెన్సులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఎందుకు ఆపేశారో అర్థంకాక మా బావే కంగారుపడ్డాడు. బర్రె వీపు మీద చెయ్యి రాసి, గులాబీ అరచెయ్యి అందరికీ చూపించి, "రంగు పోతున్నది సార్. జల్దీ తీసుకోండ్రి" అన్నాడు.

పద్నాలుగు పొదలు నా వైపు తిరిగాయి. అడ్మిన్ సారు, "వాట్ ఈజ్ దిస్, తమ్ముడూ" అన్నాడు. నేను గుంత, డబ్బాలు, బస్సు హారను, అన్నీ చెప్పేశాను. ఎవరో నవ్వారు. ఎవరో తిట్టారు. ఒకాయన తన ఆదివారం గురించి, ఇంకొకాయన తన షూ గురించి బాధపడ్డారు. అడ్మిన్ సారు విలేకరికి మళ్లీ ఫోన్ చేస్తూ కారు వైపు నడిచాడు. టీచరమ్మ మాత్రం గొడుగు నా మీదకు కొంచెం జరిపి అడిగింది.

"ఏం రంగది, తమ్మీ? కొంగలకేమన్న అయితదా?"

ఫోటో తీసిన బుధవారం నుంచి ఆ నిమిషం దాకా, నా ఉద్యోగం ఏమవుతుందని అనుకున్నాను, నా పరువు ఏమవుతుందని అనుకున్నాను, క్యాలెండరు ఏమవుతుందని కూడా అనుకున్నాను. కొంగలకు ఏమవుతుందన్న ప్రశ్న నాకు రాలేదు. పిట్టల ప్రేమికుల గ్రూపులో ఎవరికీ రాలేదు.

"పిల్లలు మింగే మాత్రల మీదేసే రంగు మేడం. ఏం కాదనుకుంట."

"అనుకునుడు కాదు. తెల్సినోళ్లను అడుగు. రేపు పొద్దున పోయి మీ సారుకు చెప్పు."

"చెప్తే నా నౌకరీ పోతది మేడం."

"పోవచ్చు" అంది టీచరమ్మ, నోటు పుస్తకం మీద చినుకు తుడుస్తూ. "వాటికి నోరు లేదు, నీకున్నది గద." పుస్తకంలో ఏదో రాసుకుంది. వంగి చూశాను: 'పశువుల కొంగలు ఇరవై ఆరు. అందులో ఏడింటికి రంగు.' ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్లలో కొంగలను మొత్తంగా లెక్కపెట్టింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లం ఏడు దగ్గరే ఆగాం.

సోమవారం షిఫ్ట్ సారు ముందు నిలబడి చెప్పాను. ఆయన నాందేడ్ వైపు మనిషి, తెలుగులో మొదలుపెట్టి కోపం వస్తే హిందీలోకి, మరీ కోపం వస్తే మౌనంలోకి వెళ్లేవాడు. ఆ రోజు తిన్నగా మౌనంలోకి వెళ్లాడు. కాసేపటికి, "క్యా రే బాబూ. రెండొందల అడుగులు నడవనీకి కాలేదా" అన్నాడు. ముందు శుద్ధి ప్లాంటు కెమిస్టుకు ఫోన్ చేసి ఆ రంగు పిట్టకు హాని చేస్తుందా అని అడిగాడు (ఒప్పుకోవాలి, నాకు రాని ప్రశ్న ఆయనకు వచ్చింది). తిండికి వాడే రంగు, ఏమీ కాదు, ఈకలు రాలినప్పుడు పోతుందన్నారు. అప్పుడు నా సంగతి పట్టాడు. గుంతలో నీళ్లన్నీ నేనే తోడి, ఒక్కో డబ్బా మోసుకెళ్లి, ఒక్కోదానికీ సంతకం పెట్టించుకోవాలి. ట్రైనీ గడువు ఇంకో ఆరు నెలలు పెంపు. దానితో పాటు ఒక ఫారం నింపాలి. అందులో 'మూలకారణం' అని ఒక గడి ఉంది. నిజాయితీ కొత్తగా అంటుకుంది కదా, 'బద్ధకం' అని రాశాను. అలాంటి పదం మన పద్ధతుల్లో లేదని మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి 'తగిన శిక్షణ లేకపోవడం' అని రాస్తే సాయంత్రంలోగా అయిదు సంతకాలు పడ్డాయి. ఆ తర్వాత నాకు నిజంగానే శిక్షణ ఇచ్చారు. డబ్బా ఎలా మోయాలో ఒక గంట చెప్పారు.

గ్రూపు నుంచి నన్ను ఆ ఆదివారం సాయంత్రమే తీసేశారు. చివరి సందేశం చదివే లోపే తలుపు మూసుకుంది. డిసెంబరులో టీచరమ్మ ఒక క్యాలెండరు తెచ్చిచ్చింది. సెప్టెంబరు తిప్పి చూశాను. పెద్ద బర్రె, దాని మీద గులాబీ కొంగ, రెక్క విప్పి. మెరిసిపోతోంది. కింద 'అరుదైన దృశ్యం, లక్డారం' అని, దాని కింద అడ్మిన్ సారు పేరు. చినుకులు పడకముందు తీసినది. అక్క దాన్ని ముందు గదిలో వేలాడదీసింది. పక్కింటి అత్త వచ్చి చాలాసేపు వెతికి, "నీ తమ్ముడు యాడ?" అని అడిగితే, అక్క కొంచెం ఆలోచించి, "మా బర్రె పడ్డది" అంది. బావ జనవరి రాకముందే సెప్టెంబరు తిప్పి పెట్టి, ఏడాదంతా అలాగే ఉంచాడు. ఆ సంవత్సరం మా ఇంట్లో తారీఖులు ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాత రెండు మూడేళ్లు, వీలైన ఆదివారాల్లో, ఆరాధన అయ్యాక టీచరమ్మ వెంట తిరిగాను. ఫోన్ సంచిలో పెట్టమనేది. పిట్ట ఎగిరిపోయేదాకా కదలకుండా కూర్చోవడం, ఎగిరిపోయాక కూడా కాసేపు కూర్చోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడామె రిటైరై కూతురి దగ్గర ఉంటోంది. నేను ఇంకో కంపెనీలో అదే పూత విభాగానికి పెద్దనయ్యాను. మిగిలిన రంగు డబ్బాల వెంట శుద్ధి ప్లాంటు దాకా స్వయంగా నడిచి వెళతాను. సారు మహా చండశాసనుడని పిల్లలు అనుకుంటారు. అననిస్తాను.

ఎప్పుడైనా పొలాల పక్కన బండి ఆపితే, ట్రాక్టరు వెనక కొంగలు కనబడతాయి. వాటిని చూస్తూ ఆ ఇరవై మూడేళ్లవాణ్ణి తలుచుకుంటాను. అచ్చులో పేరు కోసం అంత ఆరాటపడి, బస్సులో సీటు కోసం అంత గడ్డి తిని, ఇరవై మంది నవ్వితే ఇరవై ఒకటోవాడై తన మీద తానే నవ్వుకున్నవాడు. ఎదురుపడితే నాలుగు తిట్టాలనే ఉంటుంది. కానీ తిట్టేముందు వాడి ఫోన్ ఇలా తెమ్మని, ఆ బుధవారం పొద్దుటి ఫోటో ఇంకోసారి చూస్తాను. ఏ మాటకామాటే చెప్పాలి, అడ్మిన్ సారు మోచేతంత లెన్సుతో తీసినదానికంటే అదే బాగా వచ్చింది.